పతకముల పట్టికలలో పూర్వుల జాడ

గడ్డిఅన్నారమునకు అనతిదూరమున, అస్మాన్‌గఢ్ గుట్టమీద ఒక రాతి స్తంభము నిలిచియున్నది. దానిపై చెక్కినవి రెండే రెండు పరదేశపు అక్షరములు: జే, ఆర్. అది ఫ్రెంచి సేనాని రేమండు సమాధి. మిషేల్ జోయాకిం మరీ రేమండు 1755లో ఫ్రాన్సు దేశమున జన్మించి, పుదుచ్చేరి మీదుగా దక్కనుకు వచ్చి, 1786లో నిజాం అలీఖాను కొలువున చేరెను. 1798 మార్చి 25వ తేదీన మరణించునాటికి అతని క్రింద సుమారు 14,000 మంది సిపాయిలుండిరి. ముస్యే రేమండు అను మాటయే జనుల నోట నలిగి మూసారాంబాగైనదని చెప్పుదురు. అతని వర్ధంతినాడు సమాధికడ ఉరుసు జరుగుచుండెడిదనియు, చుట్టలును మద్యమును అర్పించుచుండెడివారనియు పెద్దల వాడుక.

సేనాని పేరిట గుట్టమీద స్తంభమున్నది, గుట్ట క్రింద పేట యున్నది. ఆ పదునాలుగువేల మంది పేర్లేమైనవి? రేమండు పోయిన ఏడాదిలోనే, 1798 అక్టోబరులో, కుంపిణీవారు నిజాముతో చేసికొన్న ఒడంబడిక ప్రకారము ఆ దండు నిరాయుధమైనది. అంతకుముందే జీతముల బాకీకై సిపాయిలు తిరగబడి తమ ఫ్రెంచి అధికారులను నిర్బంధించియుండుటచే కుంపిణీవారి పని సులువైనది. ఫ్రెంచి అధికారుల పేర్లు నాటి ఉత్తరములలో కలవు. బాకీ పడిన జీతమునకై తుపాకి పట్టి నిలిచిన సిపాయి మాత్రము చరిత్రలో 'వేలమంది'లో ఒకడు.

ఈ చుట్టుపట్ల గ్రామములలో 'మా ముత్తాత దండులో నుండెను' అను మాట అరుదైనది కాదు. కొన్ని ఇండ్లలో ఆ మాటకు సాక్ష్యముగా ఒక పతకము కూడ పెట్టె అడుగున ఉండును. అట్టి ఇంటివారు పూర్వుని జాడ వెదకబూనినచో మొట్టమొదట తేల్చుకొనవలసినది ఆయన ఏ దండులో నుండెననునది. ఇది తేలిక గాదు. ఏలయన, హైదరాబాదులో 'దండు' అన్నమాటకు ఒక్క అర్థము లేదు.

నిజాముల సొంత సేన యొకటి. అందులో అరబ్బులు, రోహిలాలు మొదలగువారి జట్లు వేరుగా ఉండెడివి. సికింద్రాబాదున విడిదిచేసిన సహాయసేన వేఱొకటి. అది మద్రాసు సైన్యములోని భాగము. ఇవి రెండును గాక హైదరాబాదు కాంటింజెంటు అను మూడవ సేన యుండెను. దానికి ఆంగ్లేయులే అధికారులు. దాని వ్యయమునకై 1853లో బేరారు ప్రాంతము కుంపిణీవారి వశమైనది. ఒక యింట 'నైజాము నౌకరీ' యని చెప్పుకొనునది ఈ మూడింటిలో ఏదైనను కావచ్చును. వీని కాగితములు మూడు త్రోవలు పట్టినవి.

కాంటింజెంటు కథ విచిత్రమైనది. 1903లో అది హిందూదేశపు సైన్యమున కలిసిపోయెను. దాని పదాతి పటాలములు 1922లో 19వ హైదరాబాదు రెజిమెంటు అను పేరు పొందినవి. 1945 అక్టోబరులో ఆ పేరును మాసిపోయి కుమావూఁ రెజిమెంటు అయినది. కావున మూసీనది ఒడ్డున పుట్టిపెరిగిన పటాలపు చరిత్ర నేడు హిమాలయపు చరియలలోని రాణీఖేత్‌లో ఉన్నది! మన ప్రాంతపు పేరును నేటికిని మోయుచున్నది దాని అశ్వదళములనుండి వచ్చిన డెక్కన్ హార్సు మాత్రమే. అందును గుఱ్ఱములు పోయి యుద్ధశకటములు వచ్చినవి. అయితే కాంటింజెంటులో ఉత్తరాదివారును ముసల్మానులును ఎక్కువ. తెలుగువాడు సిపాయియైనచో మద్రాసు సైన్యమున చేరియుండుటకే అవకాశము హెచ్చు. కుంపిణీ సిపాయిని ఉత్తరాదిలో 'తిలంగా' యని పిలుచుట తెలుగువారిని బట్టి వచ్చినదే. అట్టివారు పందొమ్మిదవ శతాబ్ది చివర, కొన్ని జాతులే యుద్ధమునకు తగినవన్న సిద్ధాంతము పుట్టగా, 'పనికిరానివారు' అయిరి. పటాలములు తగ్గినవి, 1920లలో మద్రాసు రెజిమెంటే రద్దయినది. రెండవ ప్రపంచ యుద్ధమున మనుష్యులు కావలసివచ్చినపుడు, 1941లో, అదే రెజిమెంటును మరల లేపిరి. సిద్ధాంతముల విలువ ఇంతటిది.

ఇక పతకముల సంగతి. పాతవాటిలో చాలభాగము మూగవి.

1799లో శ్రీరంగపట్టణము పడినపుడు కుంపిణీవారు వేయించిన పతకముమీద సింహము పులిని అణచుచున్న బొమ్మ యుండును. పులి యనగా టిప్పు. బొమ్మ యొకటే గాని లోహము వేఱు: పెద్ద దొరలకు బంగారము, తరువాతివారికి బంగారుపూత పూసిన వెండి, ఆ క్రిందివారికి వెండి, మఱియు కంచు. సామాన్య సిపాయికి తగరము. తగరపు పతకములు ఇంచుమించు 45,000 వేయించిరి. వీనిమీద పొందినవాని పేరుండదు. 1824–26 బర్మా యుద్ధమునకు సముద్రము దాటిపోయిన మద్రాసు సిపాయిల కిచ్చిన పతకమును అట్టిదే: శ్వేతగజము సింహము ఎదుట మోకరిల్లిన బొమ్మ యుండును, మనిషి పేరుండదు. ఇట్టి పతక మొకటి ఇంట దొరికిన, ఆ యింటివాడు ఆ యుద్ధమునకు పోయెనని అనుకొనవచ్చునే గాని రుజువు చేయజాలము. సంతలో కొన్న పతకమును, తాత తెచ్చిన పతకమును ఒక్కతీరుననే ఉండును.

1817 డిసెంబరు 21న మాహిద్‌పూరు యుద్ధము జరిగెను. ఆనాటి పోరాటములకు పతకము 1851లో గాని ఏర్పడలేదు. 34 ఏండ్ల పిదప బ్రతికియుండి అడిగినవారికే అది దక్కినది. అంచుమీద పేరు చెక్కిరి గాని, ఆ పేర్లలో హిందూదేశస్థులవి బహు స్వల్పము. లండనులో భద్రపఱచిన నాటి పతకముల పట్టికలు తిరుగవేసినను చాలమట్టుకు ఐరోపావారి పేర్లే కనబడును.

1857–58 పతకమును గూర్చి ఒకమాట విడిగా చెప్పవలెను. 1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అలాఉద్దీను కోఠీలోని రెసిడెన్సీపై దాడి నడపిరి. హైదరాబాదు కాంటింజెంటు ఆ మరుసటి సంవత్సరమున ఆంగ్ల సేనాని హ్యూరోజు వెంట మధ్యహిందూస్థానమున తిరుగుబాటుదారులతో పోరాడెను. ఆ దండయాత్రకు పోయినవారి పతకపు రిబ్బనుపై 'సెంట్రల్ ఇండియా' అని వ్రాసిన పట్టీ యుండును. తాత శౌర్యమును వెదకుచు బయలుదేరిన మనుమనికి ఆ పట్టీ కనబడినచో ఏమి చేయవలెను? దాచిపెట్టుట చరిత్ర కాదు. కరవు కాలమున నెలజీతము దొరకిన చోట చేరినవానిని నేటి పీఠముపై కూర్చుండి ద్రోహి యనుటయు న్యాయము కాదు. తుర్రేబాజ్‌ఖాను పేరు నేడు కోఠీలో స్మారకమై యున్నది. ఆ సిపాయి పేరును అతని యింటివారు వ్రాసికొనవచ్చును. పట్టీని తీసివేయకుండ వ్రాసికొనవలెను.

మాటలాడు పతకములు 1914–18 యుద్ధమునాటివి. బ్రిటిషు యుద్ధపతకము గుండ్రని వెండి బిళ్ళ. ఒకవైపు అయిదవ జార్జి ముఖము, రెండవవైపు గుఱ్ఱమెక్కిన పురుషుడు. చూడవలసినది ఈ రెండు వైపులును కావు, అంచు. అక్కడ సన్నని అక్షరములతో సంఖ్య, హోదా, పేరు, పటాలము అచ్చొత్తియుండును. దానితోపాటు వచ్చు విజయపతకము అంచునను అంతే. 1915 ముగియకముందే రణరంగము చేరినవారికి ఇచ్చిన నక్షత్రమునకు వెనుకవైపున ఆ వివరములుండును.

అదే యుద్ధపతకము కంచుతోను కలదు. అవి సుమారు 1,10,000. దండు వెంటబోయిన కూలిదళములవారికి, వంటవారికి, నీరుమోయు బిస్తీలకు, చాకలివారికి, గుఱ్ఱములను చూచు సహీసులకు ఇచ్చినవవి. యుద్ధము వీరికిని ఒక్కటే. సముద్రము ఒక్కటే, కలరా ఒక్కటే. శ్రీరంగపట్టణమునాటి లెక్కయే మరల వచ్చినది: లోహమును బట్టి మనిషి. కాని ఒక మేలు జరిగినది. కంచు బిళ్ళ అంచునను పేరు వ్రాసిరి. 'మా తాత రిసాలాలో సవారు' అని చెప్పుకొను ఇంట కంచు పతకము దొరకినచో, తాత సవారు కాడు, బహుశః సహీసు. ఇందులో తలవంచుకొనవలసిన దేమియు లేదు. గుఱ్ఱము బ్రతికియుండక సవారు లేడు.

హైదరాబాదు సంస్థానపు లాన్సర్ల దళము 1914లో ఓడనెక్కి ఈజిప్టు చేరి, సూయజు కాలువ కావలి కాచి, పిదప పాలస్తీనాలో మైసూరు, జోధపూరు దళములతో ఒకే బ్రిగేడుగా నడచెను. 1922లో ఢిల్లీలో నెలకొల్పిన తీన్‌మూర్తి విగ్రహములలో ఒకటి హైదరాబాదు సవారుది. 1918 సెప్టెంబరు 23న హైఫా నగరమును గుఱ్ఱములపై దుమికి పట్టిన కీర్తి ఈ బ్రిగేడుకు దక్కినది. ఆనాడు దాడిచేసినవి జోధపూరు, మైసూరు దళములు. హైదరాబాదువారికి యుద్ధఖైదీలను వెనుకకు చేర్చు పని పడినది. తాతలు హైఫాను పట్టిరని చెప్పుకొను మనుమలకు ఇది కొంత నిరాశ. పతకము చూచినను ఈ భేదము తెలియదు. దండయాత్ర పతకము సాహసమునకు కాదు, అక్కడ నున్నందుకు ఇచ్చునది. ఎవరు ఏ రోజున ఎక్కడ నుండిరో తెలిపెడిది దళపు యుద్ధదినచర్య, పట్టిక కాదు.

పట్టిక యనునది స్మారకము కానే కాదు. ఎవరికి ఏ పతకము పంపవలెనో గుమాస్తా వ్రాసికొన్న పంపిణీ లెక్క. లండనులోని జాతీయ దస్తావేజుల భాండారమున ఆ యుద్ధపు పతకముల సూచికార్డులు దాదాపు 50 లక్షలు కలవు. కొందఱు హిందూదేశ సైనికుల కార్డులును అందున్నవి. నేడు వానిని ఇంటినుండియే వెదకవచ్చును. వెదకువానికి అడ్డమువచ్చునది పేరే. ఇంటిపేరు వ్రాయలేదు. ఎల్లయ్య ఎలియా యగును, నరసింహులు నర్సిమ్లు అగును, వెంకటస్వామి మూడు తీరుల వెంకటసామి యగును. ఒకే పటాలమున అదే పేరివారు పదిమంది యుందురు. అందుచేత పేరు కన్న సంఖ్య ముఖ్యము. సంఖ్య దొరకినచో పటాలపు కేంద్రమున నుండు షీటు రోలును అడుగవచ్చును. తండ్రి పేరు, ఊరు, కులము, ఎత్తు అందులో వ్రాయుట ఆచారము. మద్రాసు పటాలములకు నీలగిరిలోని వెల్లింగ్టను, మద్రాసు సాపర్లకు బెంగుళూరు నేటి కేంద్రములు.

ఊరును వెదకుటలోను ఒక చిక్కున్నది. ఈ నగర పరిసరములు నిజాం కాలమున 'అత్రాఫె బల్దా', 'బాగాత్' అను జిల్లాలలో నుండెడివి. అవి పిదప హైదరాబాదు జిల్లా యైనవి. 1978లో రంగారెడ్డి జిల్లా వేఱుపడెను. 2007లో గడ్డిఅన్నారము పురపాలకము మహానగరమున కలిసెను. పాత కాగితమున రంగారెడ్డి జిల్లాకై వెదకువాడు ఏమియు కానడు.

ఇంతకన్న పాతదియు, ఇంతకన్న నిండైనదియు నగు సిపాయి లెక్క తార్నాకలోని రాష్ట్ర దస్తావేజుల భాండారముననే ఉన్నది. షాజహాను, ఔరంగజేబుల కాలపు పారసీక పత్రములు లక్షకు పైగా అచట కలవు. వానిలో 'అర్జ్-ఓ-చెహ్రా' యనునవి దక్కను దండు హాజరు పట్టీలు. సిపాయి పేరు, తండ్రి పేరు, దేహచ్ఛాయ, ముఖముమీది గాటు లేక మచ్చ వ్రాసి, అతని గుఱ్ఱపు రంగును, దానిపై వేసిన ముద్రను వ్రాసిరి. ఒకనికి బదులు మఱొకడు వచ్చి జీతము తీసికొనకుండ చేసిన కట్టుదిట్టమది. జీతపు లెక్క కొఱకు వ్రాసిన ఆ వర్ణనయే, మూడువందల ఏండ్ల తరువాత, ఒక సామాన్య సిపాయి ముఖమును మన ఎదుట నిలుపుచున్నది. రేమండు సిపాయిలకు ఈ భాగ్యము లేకపోయెను.

ఇండ్లలో మిగిలిన పతకములు తఱుగుచున్నవి. వెండివి కరగి కడియములైనవి. కంచువి పాతసామానులో పోయినవి. ఉన్నవానిని పండుగకు ముందు చింతపండు, బూడిద పెట్టి తోముట ఇల్లాండ్రకు అలవాటు. రాజు ముఖము ఎంత తోమినను ఉండును. అంచుమీది అక్షరములు పలుచనివి, నాలుగు పండుగలకు మాసిపోవును. తోమకముందే భూతద్దముతో చూచి, అక్షరము అక్షరముగా, తప్పుగా తోచినను దిద్దక, సంఖ్యతో సహా కాగితముపై ఎత్తి వ్రాసికొనవలెను.