పాలెము గుడి - పాలెము జొన్న

మహబూబునగరము నుండి శ్రీశైలము పోవు దారిలో, బిజినేపల్లి దాటి నాగర్‌కర్నూలు చేరకముందే పాలెము గ్రామము కలదు. ‘పాలెం సుబ్బయ్య’గా ప్రజలెఱిగిన తోటపల్లి సుబ్రహ్మణ్యశర్మగారు ఇచ్చట శ్రీ వేంకటేశ్వరాలయమును నిర్మింపజేసిరి. వారి సంకల్పము గుడితో ఆగలేదు. స్వామి పేరనే ప్రాచ్యకళాశాల వెలసినది. పాలమూరు స్థలచరిత్రలను సేకరించిన కపిలవాయి లింగమూర్తిగారు (1928-2018) అందు అధ్యాపకులుగా నుండిరి.

గుడికిని పొలమునకును గల చుట్టరికము ప్రాచీనమైనది. 15, 16 శతాబ్దములలో తిరుమలేశునకు భక్తులర్పించిన ధనముతో దేవస్థాన గ్రామములందు చెరువులు, కాలువలు త్రవ్వించి, పెరిగిన పంటతో నైవేద్యములు జరిపిరని అచ్చటి శాసనములు తెలుపుచున్నవి. స్వామి ప్రసాదములో రైతు చెమట యుండెను.

పాలమూరు చల్కనేలలకు అట్టి కాలువలు చిరకాలము లేవు. వాన తప్పిన యేట రైతులు కూలీలై దేశాంతరములు పోయిరి. అట్టి మెట్టరైతు కొఱకు పాలెములోనే వ్యవసాయ పరిశోధన స్థానము పనిచేయుచున్నది. ‘క్రాంతి’, ‘హరిత’ అను ఆముదపు రకములు, ‘పాలెం-2’ అను జొన్న ఇచ్చట రూపొందినవే.

విత్తనము మంచిదైనను, కొనువారు లేనిచో గింజ గాదెలోనే యుండును. తిరుమల శాసనముల నాడు పంటను కొనియాడి స్వీకరించినది దేవుని వంటశాల. నేడు ఆ బాధ్యత మన వంటయిండ్లది. మనయూరి జొన్నను కొని, మనయూరి తల్లి చేతి రొట్టెను ఆరగించుటయు ఒక నివేదనమే కదా!