గడ్డి వేరని మందు మానేస్తామా? మోజి అడిగిన ప్రశ్న

ప్రాచీన చైనా తత్వం అనగానే మనకు వినిపించే పేర్లు కన్ఫ్యూషియస్, లావోత్సు. మేనేజ్‌మెంట్ క్లాసుల్లో, మోటివేషన్ వీడియోల్లో అయితే యుద్ధ వ్యూహాల సున్ జు. ఈ వరుసలో కనిపించని ఒకాయన ఉన్నాడు. పేరు మోజి. కాలం క్రీ.పూ. 5వ శతాబ్దం.

ఆయన చేతిపని చేసుకునే వాళ్లలోంచి వచ్చాడని చాలామంది పండితుల అంచనా. ఆయన వాదనల నిండా మూలమట్టం, కంపాసు, కొలతాడు ఉంటాయి. ఆయన పేరుమీద ఉన్న పుస్తకంలో ఒక సంఘటన ఉంది. మనం తప్పక తెలుసుకోవాల్సింది.

మోజి చు రాజ్యానికి వెళ్లాడు. రాజు ముసలితనం సాకు చెప్పి కలవలేదు. ము హే అనే ఆయన్ని పంపాడు. మోజి చెప్పింది ము హేకి బాగా నచ్చింది. కానీ ఒక మాట అన్నాడు. నీ మాటలు మంచివే, మా రాజు పెద్ద రాజు కదా, ఇది నీచుల పని అని పక్కన పెట్టేస్తాడేమో అని.

అంటే మాటలో తప్పు లేదు. మాట ఎవరి నోట్లోంచి వచ్చింది అన్నదే అభ్యంతరం! ఈ అభ్యంతరం మనకు కొత్తా?

మోజి తడుముకోలేదు. మందు అంటే గడ్డి వేరే కదా, చక్రవర్తి దాన్ని తిని రోగం తగ్గించుకుంటాడు గానీ గడ్డి వేరని పారేస్తాడా అని అడిగాడు. రైతు పన్నుగా కట్టిన ధాన్యంతోనే పెద్దలు సారా కాచి దేవతలకు నైవేద్యం పెడతారు. నీచుడు పండించిందని దేవతలు వద్దంటారా అని కూడా అడిగాడు.

ఇంకోచోట పాలకుల మీద ఆయన విమర్శ ఇలా సాగుతుంది. గొడ్డును కోయాలంటే పని తెలిసిన కసాయిని వెతుకుతారు. బట్టలు కుట్టాలంటే మంచి దర్జీని వెతుకుతారు. రాజ్యం నడపడానికి మాత్రం చుట్టాన్నో, అందగాడినో తెచ్చి కూర్చోబెడతారు. గొడ్డుకీ గుడ్డకీ ఉన్న విలువ రాజ్యానికి లేదా? సమర్థుడైతే పొలంలో ఉన్నా, పనిశాలలో ఉన్నా తెచ్చి పదవి ఇవ్వాలి, అసమర్థుడైతే రాజు బంధువునైనా దించాలి అన్నది మోజి వాదం.

దీనికి కన్ఫ్యూషియస్ వారసుల జవాబు ఏమిటి? అందరినీ సమానంగా ప్రేమించమంటే తండ్రిని లేకుండా చేసినట్టే, అది పశుత్వం అన్నాడు మెన్షియస్. మోజి దారి కూలివాళ్ల దారి అన్నాడు షున్‌జి. తిట్టడానికి ఏ మాట దొరికిందో చూడండి!

ఇక్కడ జాగ్రత్త. మోజిని ‘చైనా దళితుడు’ అని ప్రచారం చేయకండి. అక్కడి హెచ్చుతగ్గులు మన కులం లాంటివి కావు. కానీ మెరిట్ పేరుతో తలుపులు మూయడం అక్కడా జరిగింది. పరీక్ష పెట్టి అధికారులను ఎంచుకునే పద్ధతి 7వ శతాబ్దంలో మొదలై 1905 వరకు సాగింది. దాన్ని చూపించి, ఓట్ల కంటే ప్రతిభతో నడిచే పాలన మేలని వాదించేవాళ్లు నేడు ఉన్నారు. డేనియల్ బెల్ పుస్తకం ‘ద చైనా మోడల్’ (2015) ఈ చర్చలో పేరున్నది. మరి ఆ పరీక్ష హాలు బయట ఎవరున్నారు? ఆడవాళ్లు. ‘నీచులు’ అని ముద్ర పడిన ఆటపాటల కుటుంబాలు. 1723లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి కొన్ని సమూహాలకు ఆ ముద్ర తీసేశాడు. ఆ తర్వాత కూడా కొన్ని తరాలు గడిస్తే గానీ వాళ్ల పిల్లలను పరీక్షకు రానివ్వలేదు.

మోజి ప్రతిభ మాట ఎత్తింది పుట్టుకను కూలగొట్టడానికి. మన దగ్గర రిజర్వేషన్ అనగానే మెరిట్ అనేవాళ్లు ఎత్తేది పుట్టుకను కాపాడుకోవడానికి. మాట ఒక్కటే, పని వేరు.

అలాగని మోజిని నెత్తిన పెట్టుకోవాలా? అక్కర్లేదు. కింది వాళ్లు పై వాళ్ల తీర్పుతో ఏకీభవించాలి, ఏకీభవించనివాళ్లను శిక్షించాలి అని కూడా ఆయనే చెప్పాడు. సమర్థుణ్ని ఎంచుకోమన్నాడు గానీ, ఎంచుకున్నాక ప్రశ్నించే హక్కును గట్టిగా నిలబెట్టలేదు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని హెచ్చరించారు. మోజిలోని ఈ లోటు దగ్గర మనకు అంబేడ్కర్ కావాలి.

ఈ ఇద్దరినీ కలిపే చోటు ఒకటుంది. 1915-16లో అంబేడ్కర్ కొలంబియా యూనివర్సిటీలో చదువుతున్నప్పుడు అక్కడే హు షి అనే చైనా విద్యార్థి ఉన్నాడు. ఇద్దరికీ గురువు జాన్ డ్యూయీ. హు షి పరిశోధన ప్రాచీన చైనా తర్కం మీద. అందులో పెద్ద భాగం మోజిది, ఆయన శిష్యులది. రెండు వేల ఏళ్లు మూలన పడిన ఆలోచనను ఆ తరం దుమ్ము దులిపి బయటికి తెచ్చింది. అదే ఏళ్లలో అంబేడ్కర్ కులం పుట్టుక మీద తన వ్యాసం చదివారు.

2016లో చైనా ఒక క్వాంటం ఉపగ్రహానికి మోజి పేరు పెట్టింది. కాంతి మీద ఆయన శిష్యులు చేసిన పనికి గౌరవంగా. మంచిదే. కానీ చుట్టాల పాలన మీద ఆయన వేసిన ప్రశ్నను ఏ ప్రభుత్వమూ ఆకాశానికి ఎత్తదు. మహనీయుల్లో తమకు పనికొచ్చే ముక్కనే తీసుకుని విగ్రహం కట్టడం పాలకులకు అలవాటు. అంబేడ్కర్ విషయంలో మనం చూస్తున్నది అదే.

విద్యార్థి మిత్రులారా, రేపు సెమినార్‌లో మీ మాటకు జవాబు చెప్పకుండా మీ ఇంటిపేరు వైపు చూసేవాడు ఎదురైతే, గడ్డి వేరు సంగతి అడగండి. చుట్టరికంతో వచ్చిన నాయకుడు ఎదురైతే కసాయి సంగతి అడగండి. మన మనిషే నాయకుడైనా ప్రశ్నించడం మాత్రం ఆపకండి.

జై భీమ్.