పెద్ద కెమెరానా, చిన్న కెమెరానా?



ఇంట్లోకి ఏ కొత్త వస్తువు కొనాలన్నా మనం నలుగురినీ అడుగుతాం. గ్రైండరు కానివ్వండి, కుట్టుమిషను కానివ్వండి, పక్కింటావిడ అనుభవం విని, ధరా మన్నికా చూసుకుని మరీ కొంటాం. కెమెరా దగ్గరికి వచ్చేసరికి మాత్రం, 'అది మగవాళ్ళ వ్యవహారం, వాళ్ళే చూసుకుంటార్లే' అని ఊరుకుంటాం. దుకాణానికి వెళ్తే అక్కడా అదే మాట: "సార్‌కి పెద్దది చూపించమంటారా? మేడమ్‌కి ఈ చిన్నది చాలు కదండీ!" ఈ మాట నిన్నా మొన్నా పుట్టింది కాదు. దీని వెనక నూట ముప్ఫై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ కథే ఇవాళ మీతో ముచ్చటిస్తాను.

ముందు ఆ రెండూ ఏమిటో చూద్దాం. పెద్దదాన్ని డి.ఎస్.ఎల్.ఆర్. అంటారు. లెన్సులోంచి వచ్చిన వెలుగు లోపల ఏటవాలుగా ఉన్న అద్దం మీద పడి, పైకి మళ్ళి, మన కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం టక్కున లేచి, వెలుగును వెనకనున్న సెన్సరు మీదికి పోనిస్తుంది. లెన్సు ఊడదీసి వేరొకటి బిగించుకోవచ్చు. వీటిలోనే, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం తక్కువ ఖరీదులో చేసిన రకం ఉంది. లెన్సుతో కలిపి అర కిలో పైచిలుకు బరువు. ఇక చిన్నది కాంపాక్టు. అద్దం లేదు, లెన్సు ఊడదు. చాలావాటి బరువు నూట యాభై, రెండు వందల గ్రాములు. హేండ్‌బ్యాగులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు.

అసలు మొదట్లో చిన్న కెమెరా అనేదే లేదు. 1851లో ఇంగ్లండులో ఆర్చర్ అనే ఆయన తడి పలక పద్ధతి కనిపెట్టాడు. గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి, ఆరకముందే కడగాలి. అంచేత ఫోటో తీయడానికి బయల్దేరితే కెమెరా, గాజు పలకలు, సీసాలు, చీకటి గుడారం అన్నీ కూడా వెళ్ళాల్సిందే. అదొక సంసారం! ఆడవాళ్ళకు కాదన్నారంటే ఆశ్చర్యమేముంది?

అయినా ఒకావిడ పట్టుకుంది. జూలియా మార్గరెట్ కామెరాన్. 1815లో మన కలకత్తాలోనే పుట్టింది. 1863లో, ఆవిడకు 48 ఏళ్ళ వయసులో, కూతురూ అల్లుడూ కలిసి ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. కాలక్షేపానికి పనికొస్తుందని వాళ్ళ ఉద్దేశం. ఆవిడ బొగ్గుల కొట్టును చీకటి గది చేసింది, కోళ్ళ గూడును స్టూడియో చేసింది. పనిమనుషుల్నీ, చుట్టపక్కాల్నీ, ఇంటికొచ్చిన మహాకవుల్నీ కూర్చోబెట్టి ముఖాలు తీసింది. ఆ ముఖాలు ఈనాటికీ మ్యూజియముల్లో ఉన్నాయి. నలభై ఎనిమిదేళ్ళకు మొదలెట్టిందండీ! 'ఈ వయసులో మనకెందుకు' అనుకునేవాళ్ళు ఈవిణ్ణి ఒక్కసారి తలుచుకోవాలి.

మన వైపు సంగతి చూద్దాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో లాలా దీన్ దయాళ్ అనే గొప్ప ఫోటోగ్రాఫరు ఉండేవారు. సికిందరాబాదులో ఆయన స్టూడియో. 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసమని ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో పెట్టారు. చుట్టూ ఎత్తయిన గోడలు. కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ దాన్ని నడిపారు. మగవాళ్ళ కంట పడకుండా మన వాళ్ళు ఫోటో దిగడానికి ఒక కట్టడమే కావలసి వచ్చిందన్నమాట. కెమెరా ముందు కూర్చోవడమే అంత పెద్ద సంగతైన రోజుల్లో, కెమెరా వెనక నిలబడడం మన ఇళ్ళల్లో ఎంతమంది ఊహకు అందేది?

ఈలోగా అమెరికాలో మరో కథ మొదలైంది. 1888లో జార్జి ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరా తెచ్చాడు. ఖరీదు 25 డాలర్లు. లోపల వంద ఫోటోలకు సరిపడే ఫిల్ము చుట్ట. అయిపోగానే కెమెరాను అలాగే రోచెస్టరు ఊళ్ళోని ఫ్యాక్టరీకి పంపిస్తే, 10 డాలర్లు పుచ్చుకుని ఫోటోలు వేసి, కొత్త చుట్ట ఎక్కించి తిరిగి పంపేవారు. మందుల వాసన లేదు, చీకటి గది లేదు. 1900లో వచ్చిన బ్రౌనీ అయితే ఒక్క డాలరే! అట్టపెట్టెతో చేసిన కెమెరా. తొలి ఏడాదిలోనే లక్షకు పైగా అమ్ముడుపోయింది.

ఇక్కడే మనం కాస్త ఆగి ఆలోచించాలి. ఈ చిన్న పెట్టెల్ని అమ్ముకోడానికి కొడాక్ వాళ్ళు ఎవరి బొమ్మ వేశారనుకున్నారు? చేతిలో కెమెరా పట్టుకున్న అమ్మాయి బొమ్మ. 'కొడాక్ గర్ల్' అనే పేరుతో ఆ అమ్మాయి దశాబ్దాల తరబడి ప్రకటనల్లో తిరిగింది. ఒక పక్క చూస్తే ఇది మంచిదే. ఇల్లాలి చేతికి కెమెరా వచ్చింది. పిల్లల స్నానాలూ, తోటలో ఆటలూ ఫోటోలకెక్కాయి. మరో పక్క చూస్తే, 'ఆడవాళ్ళూ పిల్లలూ కూడా వాడగలిగినంత తేలిక' అనే మాట కూడా దాంతోపాటే పుట్టింది. చిన్నది ఆడవాళ్ళది, పెద్దది మగవాళ్ళది అన్న గీత గీసింది చాలావరకు అమ్మకం కోసం రాసిన ప్రకటనలే. మన దుకాణంవాడు ఇవాళ పలుకుతున్నదీ ఆ పాత పాఠమే.

ఆ గీత ఎంత అబద్ధమో చూపించే ఉదాహరణలు రెండున్నాయి. మొదటిది జర్మనీలో. ఆస్కార్ బర్నాక్ అనే పనివాడికి ఉబ్బసం. బరువైన కెమెరా మోసుకుని కొండలెక్కలేకపోయాడు. సినిమా ఫిల్ము ముక్కను వాడి, చేతిలో ఇమిడే కెమెరా తయారుచేశాడు. 1925లో అది లైకా పేరుతో బజారుకు వచ్చింది. ప్రపంచంలో పేరుమోసిన పత్రికా ఫోటోగ్రాఫర్లు ఎందరో, మగమహారాజులే, ఆ చిన్నదాన్ని పట్టుకు తిరిగారు. చిన్నదంటే ఆటబొమ్మ కాదని తేలిపోయింది.

రెండోది మన దేశంలోనే. హోమాయ్ వ్యారావాలా. 1913లో గుజరాతులోని నవసారిలో పుట్టారు. భారతదేశంలో మొట్టమొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరు. మొదట్లో ఆవిడ తీసిన ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యేవి. ఆడమనిషి తీసిందంటే నమ్మేదెవరు? చీరకట్టుతో, సైకిలు మీద, ఢిల్లీ వీధుల్లో స్పీడ్ గ్రాఫిక్ అనే భారీ కెమెరా మోసుకు తిరిగారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజులూ, గాంధీగారి అంతిమయాత్రా ఆవిడ ఫోటోల్లో చూస్తాం. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది, 2012లో కన్నుమూశారు. ఆవిడకు ఎవరైనా 'మేడమ్, మీకు చిన్నది చాలు' అని చెప్పి ఉంటే ఏమయ్యేదో!

ఇక మన మధ్యతరగతి ఇళ్ళ సంగతి. బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ త్రీ మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఒక రోలుకు పన్నెండు ఫోటోలు. రోలులో రెండు మిగిలితే, వాటికోసం సంక్రాంతి దాకా ఆగేవాళ్ళం. కడిగించడానికి ఖర్చు, ప్రింటుకు ఖర్చు. అందుకని మంచి చీరలు కట్టుకుని, వరసగా నిలబడి, ఊపిరి బిగబట్టి దిగేవాళ్ళం.

ఆ పొదుపును మార్చేసింది డిజిటల్. 1975లో కొడాక్ కంపెనీలోనే స్టీవెన్ శాసన్ అనే కుర్ర ఇంజినీరు మొదటి డిజిటల్ కెమెరా కట్టాడు. బరువు మూడున్నర కిలోల పైనే. ఒక్క ఫోటోను క్యాసెట్టు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు. అక్కడినుంచి నడిచి నడిచి, 2003లో కేనన్ వాళ్ళ 300డి వచ్చేసరికి, డి.ఎస్.ఎల్.ఆర్. ఖరీదు మొదటిసారి వెయ్యి డాలర్ల లోపుకు దిగింది. అంతవరకు వృత్తివాళ్ళకూ డబ్బున్నవాళ్ళకే దక్కిన వస్తువు మామూలు సంసారుల గుమ్మం దాకా వచ్చింది. అప్పటికే కాంపాక్టులు బజారు నిండా ఉన్నాయి. 'ఏది కొనాలి' అన్న ప్రశ్న మన ఇళ్ళల్లోకి వచ్చింది అప్పుడే.

మరి రెండింటికీ నిజమైన తేడా ఏమిటి? దుకాణంలో మెగాపిక్సెళ్ళ లెక్క చెబుతారు. దానికి మురిసిపోకండి. అసలు చూడవలసింది సెన్సరు పరిమాణం. తక్కువ ఖరీదు డి.ఎస్.ఎల్.ఆర్.లో అది సుమారు 24 మిల్లీమీటర్ల పొడవు, 16 వెడల్పు. అంటే తపాలా బిళ్ళంత. మామూలు కాంపాక్టులో సుమారు 6 పొడవు, నాలుగున్నర వెడల్పు, కందిపప్పు బద్దంత! వైశాల్యంలో సుమారు పదమూడు, పద్నాలుగు రెట్ల తేడా. వాన కురుస్తున్నప్పుడు వాకిట్లో ఒక గంగాళం, ఒక గ్లాసు పెట్టి చూడండి. ఎండలో, జడివానలో, గ్లాసూ నిండుతుంది. చినుకుల్లో గంగాళమే గతి. దీపాల వెలుగులో జరిగే పెళ్ళి, సాయంత్రం బడి వార్షికోత్సవం, ఇంట్లో ఒక్క బల్బు కింద పుట్టినరోజు - ఇవన్నీ చినుకులు. కాంపాక్టు వాటిని మసకమసకగా, గరగరగా చూపిస్తుంది. ఫ్లాష్ వేస్తే, అది లెన్సు పక్కనే ఉంటుంది కనుక కళ్ళు ఎర్రగా పడతాయి. పరిగెత్తే పిల్లాణ్ణి పట్టుకోడంలోనూ పెద్దదే చురుకు. పాత కాంపాక్టులు మీట నొక్కాక కాస్త ఆలోచించి గాని తీయవు. ఈలోగా నవ్వు కాస్తా వెళ్ళిపోతుంది.

అయితే పెద్దదాని కష్టాలు పెద్దదానికున్నాయి. దాంతో వచ్చిన లెన్సు ఒక్కటే ఎప్పటికీ వాడుకుంటూ కూర్చుంటే, దాని గొప్పలో సగం దండగే. వేరే లెన్సు కొంటే ఖర్చు. కాకినాడ, విశాఖపట్నం లాంటి సముద్రపు ఊళ్ళల్లో చెమ్మకు లెన్సు లోపల బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచాలి. అన్నిటికంటే పెద్ద కష్టం, అది బీరువాలోంచి బయటికి రాకపోవడం. 'పాడైపోతుంది, ముట్టుకోకు' అన్న మాట దానికి పుట్టుకతో వచ్చిన తోడు.

చిన్నదానికి ఆ బెరుకు లేదు. కూరల మార్కెట్టుకు వెళ్ళినా వెంట వస్తుంది. ఎవరూ బెదిరిపోయి బిగుసుకుపోరు. పాతికమంది కూర్చున్న గ్రూపు ఫోటోలో వెనక వరస కూడా స్పష్టంగా పడుతుంది.

ఈ పోటీ ఇలా సాగుతుండగానే, ఫోను వచ్చి ఇద్దరి కొంపా ముంచింది. 2010లో ప్రపంచం మొత్తం మీద కంపెనీలు 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు బజారుకు పంపాయి. అందులో కాంపాక్టులే అధికం. 2020 నాటికి మొత్తం కలిపి 90 లక్షల లోపే. డిజిటల్‌ను పుట్టించిన కొడాక్ కంపెనీయే 2012లో దివాలా పిటిషను పెట్టుకుంది. పెద్ద కంపెనీలు క్రమంగా అద్దం లేని కెమెరాల వైపు మళ్ళాయి. ఇప్పుడు డి.ఎస్.ఎల్.ఆర్.లు చేతులు మారినవి చవగ్గా దొరుకుతున్నాయి. పాత కాంపాక్టులంటే ఈ కాలపు ఆడపిల్లలు ముచ్చటపడి వెతుక్కుంటున్నారు.

అయినా ఆ ప్రశ్న మాత్రం పోలేదు. ఎంచేతంటే, అది వస్తువుకు సంబంధించినది కాదు, మన ఇంట్లో ఏది గుర్తుండాలన్న దానికి సంబంధించినది. మీ ఇంటి ఆల్బము ఒకసారి తెరిచి చూడండి. పెళ్ళిళ్ళుంటాయి, గృహప్రవేశాలుంటాయి. అమ్మమ్మ ఆవకాయ కలుపుతున్న ఫోటో ఉందా? మామగారు పడక్కుర్చీలో కునుకు తీస్తున్న ఫోటో ఉందా? సాధారణంగా ఉండవు. పెద్ద కెమెరా శుభకార్యానికే వచ్చేది, మామూలు రోజున వచ్చేది కాదు. మామూలు రోజును ఎరిగినది ఇల్లాలు. ఆమె చేతిలో కెమెరా లేదు.

అంచేత నేను చెప్పేదల్లా ఒక్కటే. 'ఆడవాళ్ళకు ఇది చాలు' అన్న మాట పక్కన పెట్టండి. దీపాల వెలుగులో పిల్ల నాట్యమాడుతుంటే తీయాలనుందా? ఓపికగా నేర్చుకునే ఉత్సాహం ఉందా? ఒక లెన్సు అదనంగా కొనగలరా? అయితే పెద్దదే తీసుకోండి. కామెరాన్‌గారూ, వ్యారావాలాగారూ మీ వైపే ఉన్నారు. రోజూ చేతికందాలి, వెంట రావాలి, అమ్మమ్మ బిగుసుకుపోకూడదు అంటారా? చిన్నది చాలు, ఫోనైనా చాలు. ఏది కొన్నా బీరువా తాళంచెవి మాత్రం మీ కొంగునే ఉండనివ్వండి. నెలకోసారి కొన్ని ఫోటోలు కాగితం మీద వేయించి, వెనక తేదీ, పేర్లు రాసి పెట్టండి. అప్పుడప్పుడు ఆ కెమెరా పిల్లల చేతికిచ్చి, మీరు కూడా ఒక ఫోటోలో ఉండండి.