బోరు ఎండిందా, మోటారు కాలిందా?

2026 సంక్రాంతి సెలవులు. పల్నాడు జిల్లా రాజుపాలెంలో ఒక రైతు ఇల్లు. ముందు గదిలో సగం దాకా పత్తి. పక్కనే మంచమ్మీద ల్యాప్‌టాప్ హోరెత్తిపోతోంది. ఆటలో బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. కీబోర్డు మీద వేలు ఆనడం లేదు, అంత వేడి.

"ఏందిరా ఆ మోత? పిండిమర ఆడించినట్టు!"

"దీని పనైపోయింది నాన్నా. కొత్తది కొనాలి."

నాన్న పలకలేదు. నిరుడు మిర్చి ధర పడిపోయి, కేంద్రమే కలగజేసుకుని క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ దెబ్బ పిల్లాడికీ తెలుసు.

అక్క బీటెక్‌లో చేరినప్పుడు, 2018లో, గ్రాఫిక్స్ ఉన్నదే కావాలని పట్టుబట్టి కొనిపించుకున్న మిషను అది. ఏడో తరం ఇంటెల్ ఐ5, జీటీఎక్స్ 1050, 8 జీబీ ర్యామ్, 1 టెరాబైట్ హార్డ్‌డిస్క్. ఇప్పుడు తమ్ముడి వంతు.

అడుగు మూత విప్పారు. ఫ్యాను వెనక సన్నటి రేకుల సందుల్లో పత్తి నూగు దుమ్ముతో కలిసి గట్టిపడిపోయి ఉంది. నాన్న పిన్నీసుతో మెల్లగా లాగితే దీపం వత్తంత పొడుగు వచ్చింది.

"ముందిది చెప్పు. మోటారు కాలిందా, బోరే ఎండిందా? వైండింగ్ కాలితే చుట్టించుకుంటాం. బోరే ఎండితే ఎంత పెద్ద మోటారు దించి ఏం లాభం?"

ల్యాప్‌టాప్ కొనేవాళ్లంతా తమను తాము అడగాల్సిన ప్రశ్న ఇదేనని నా నమ్మకం.

గ్రాఫిక్స్ చిప్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేం. రే ట్రేసింగ్ తప్పనిసరైన కొత్త ఆటలు, 2024లో వచ్చిన ఇండియానా జోన్స్ లాంటివి, దీని మీద అసలు తెరుచుకోవు. ఈ తరం చిప్‌లకు కొత్త ఆటల డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. ఆ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలోనే లేదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఇదంతా ఎండిన బోరు.

వేడి మాత్రం పత్తి నూగుది, ఎండిపోయిన థర్మల్ పేస్టుది. నత్తనడక పాత హార్డ్‌డిస్క్‌ది. అది సెకనుకు 100 ఎంబీ చదివితే గొప్ప, సాటా ఎస్ఎస్‌డీ 500 దాటుతుంది. ఇది కాలిన మోటారు.

ఫోన్లో అక్క ఒకటే చెప్పింది: "ర్యామ్ జోలికి పోమాకరా. ఏఐ డేటా సెంటర్ల దెబ్బకి రేట్లు మండిపోతన్నయ్. పైగా ఇది డీడీఆర్4, రేపు కొత్తదాంట్లో పట్టకపోవచ్చు. ఎస్ఎస్‌డీ అయితే కేసులో పెట్టుకుని ఎక్కడైనా వాడుకోవచ్చు."

"మరి కొత్తది?"

"మిర్చి యార్డుకు తోలాక మాట్లాడదాం," అన్నాడు నాన్న. పిల్లాడు తలూపాడు.

మర్నాడు సాయంత్రానికి ఎస్ఎస్‌డీ బిగించి, పాత పేస్టు గీకి కొత్తది రాసి, ఆట పెట్టాడు. పది నిమిషాలైంది.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "ఏరా, కరెంటు పోయిందా? చప్పుడే లేదు!"