పెరటి పాదు, పసిబిడ్డ ముద్ద

తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చిన కూతురు, చీర ఉయ్యాల్లో ఆమె పసిబిడ్డ, బడికి సెలవులివ్వగానే దిగిపోయిన మనవలు, పెరట్లో పందిరి నిండా వేలాడే కాయలు. తెలుగు పల్లెల్లో వేసవి అనగానే కళ్ళ ముందు మెదిలే ఇల్లు ఇదే. సంక్రాంతి దాటాక పెట్టిన బీర, సొర, పొట్ల, కాకర పాదులు ఏప్రిల్, మే నెలల్లో విరగకాస్తాయి. తెల్లవారేసరికి అమ్మమ్మ కొంగులోకి నాలుగు బెండకాయలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు, దోసెడు గోంగూర వచ్చి చేరతాయి. ఆ పూటకి బజారు ఊసే ఉండదు.

ఈ పెరడును చూస్తే ఇవన్నీ అనాదిగా మన నేలలోనే ఉన్నాయనిపిస్తుంది. అలా ఉన్నవి కొన్నే. మిగిలినవి వేరు వేరు కాలాల్లో, వేరు వేరు ఖండాల నుంచి వచ్చి ఈ మట్టిలో వేళ్ళూనుకున్నాయి. ఓడల్లో వాటిని మోసుకొచ్చింది వర్తకులే కావచ్చు. మనవిగా చేసింది మాత్రం ఏటేటా విత్తు దాచి, పాదు కట్టి, కాసిన కాయను వండి బిడ్డ నోటికి అందించిన ఇంటి ఆడవాళ్ళు. పెరటి చరిత్ర అంటే వాళ్ళ చరిత్రే.

సున్నిపిండిలో నాలుగు వేల ఏళ్ళు

బిడ్డకు నీళ్ళు పోసే వేళ చూడండి. అమ్మమ్మ పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి, ఒంటికి నూనె పట్టించి, పెసర సున్నిపిండితో నలిచి, గోరువెచ్చని నీళ్ళు పోస్తుంది. ఆ నీళ్ళు సన్నని కాలవలోంచి పారి అరటి పాదుకు చేరతాయి. నీటి ఎద్దడి కాలంలో చెంబుడు నీళ్ళు కూడా వృథా పోనివ్వని ఏర్పాటది.

ఆ సున్నిపిండిలోని పెసలు దక్కను నేల మీద మనిషి సాగుచేసిన తొలి పంటల్లో ఒకటి. బళ్ళారి దగ్గరి సంగనకల్లు, కడప జిల్లాలోని హనుమంతరావుపేట, పెద్దముడియం వంటి కొత్తరాతి యుగపు ఊళ్ళలో తవ్విన మట్టిని శాస్త్రజ్ఞులు నీళ్ళలో కలిపి, పైకి తేలిన మాడిన గింజలను ఏరి పరీక్షించారు. డోరియన్ ఫుల్లర్ బృందం 2004లో ప్రకటించిన ఆ ఫలితాల్లో పెసలు, ఉలవలు, అండు కొర్రలు ముఖ్యంగా కనిపిస్తాయి. అంటే సుమారు 4000 ఏళ్ళ కిందట ఆ పొయ్యిల దగ్గర కూర్చున్న తల్లులు ఉడికించిన పప్పునే మనం ఇవాళ పసివాళ్ళకు మెత్తగా మెదిపి పెడుతున్నాం.

ఆఫ్రికా నుంచి వచ్చినవి

రాగుల పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. ఇథియోపియా, ఉగాండా ప్రాంతాల ఎత్తైన నేలల్లో సాగులోకి వచ్చి, వేల ఏళ్ళ కిందటే మన దక్షిణాదికి చేరాయి. వాన తక్కువైనా, నేల పలచనైనా పండే పంట కాబట్టి రాయలసీమకు, ఉత్తరాంధ్ర కొండ వాలులకు అతికినట్టు సరిపోయాయి. చింతచెట్టు కూడా ఆఫ్రికాదే. మనం ఆంధ్రమాత అని నెత్తిన పెట్టుకున్న గోంగూర సైతం ఆ ఖండం నుంచి వచ్చిందే.

సొరకాయ కథ వీటన్నిటికంటే పాతది. దాని మూలాలూ ఆఫ్రికాలోనే ఉన్నాయి. ఎండిన సొరబుర్ర నీటి మీద తేలుతుంది, లోపలి విత్తు నెలల తరబడి చెడదు. మనిషి సాయం లేకుండానే ఆఫ్రికా తీరం నుంచి అట్లాంటిక్ మీద తేలుకుంటూ అది అమెరికా చేరిందని 2014లో వెలువడిన జన్యు పరిశోధన చెబుతోంది. అక్కడ సుమారు 10,000 ఏళ్ళ నాటి బుర్రల ఆనవాళ్ళు దొరికాయి. మట్టికుండ పుట్టక ముందు మనిషికి అదే పాత్ర. మన దగ్గర కూడా పొలానికి వెళ్ళే రైతు భుజాన నీళ్ళ బుర్రగా, పాటగాడి చేతిలో తంబుర బుర్రగా చాలా కాలం బతికింది. లేతగా ఉన్నప్పుడు పప్పులోకి, ముదిరి ఎండాక నీళ్ళకూ పాటకూ పనికొచ్చిన కాయ ఇదొక్కటే.

పందిరి మీది సొంతవాళ్ళు

బీర, పొట్ల, వంగ, దోస మాత్రం ఇటువైపు పంటలే. దోసకు అడవి బంధువు ఇప్పటికీ హిమాలయాల దిగువ కొండల్లో చేదుకాయలు కాస్తూనే ఉంది. బీర, పొట్ల మన ఉపఖండంలోనూ దాని తూర్పు పొరుగునా పుట్టి పెరిగిన తీగలు. మునగకూ వాయవ్య హిమాలయపు దిగువ కొండలే పుట్టిల్లు.

ఈ తీగల తీరు సాయంత్రం చూడాలి. ఎండ చల్లబడ్డాక బిడ్డను ఎత్తుకుని పెరట్లోకి తెచ్చే వేళకే బీరపూలు పచ్చగా విచ్చుకుంటాయి. మసక చీకటి పడేసరికి సొర తెల్లగా పూస్తుంది. ఇంకాసేపటికి పొట్లపూవు అంచున దారప్పోగుల్లాంటి కుచ్చులు విప్పుతుంది. రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు మగపూవు నుంచి ఆడపూవుకు పుప్పొడి మోస్తాయి. ఆడపూవును గుర్తుపట్టడం పిల్లలకు కూడా తేలికే. దాని కింద వేలెడంత పిందె ఉంటుంది. పొట్లపిందె వంకర తిరగకుండా కొసకు చిన్న రాయి కట్టడం పెద్దపిల్లల పని. నాలుగు రోజుల్లో ఆ కాయ మూరెడు దిగుతుంటే పిల్లలకు ఆ వేసవి ఆటలన్నిటికంటే అదే ఎక్కువ.

రాయలవారి వేసవి విస్తరి

అయిదువందల ఏళ్ళ కిందట తెలుగువాళ్ళు వేసవిలో ఏం తిన్నారో చెప్పే సాక్ష్యం ఒకటి మనకుంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఇంటికొచ్చిన అతిథులకు ఒక్కో ఋతువులో ఒక్కో రకం భోజనం పెట్టడం వర్ణించాడు. వేసవి విస్తట్లో నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలచని అంబలి, చెరకురసం, లేత కొబ్బరినీళ్ళు, పళ్ళు, పరిమళం కలిపిన చల్లని నీళ్ళు, ఊరిన మామిడి పిందెలు, నీళ్ళ మజ్జిగ ఉన్నాయి. అంతా ఒంటికి చలవచేసే తిండి. పసిబిడ్డ తల్లికీ ముసలివాళ్ళకూ ఎండాకాలంలో మనం ఇవాళ్టికీ ఇచ్చేది దాదాపు ఇదే.

అందులో మిరపకాయ లేదు, టమాటా లేదు. రాయలు రాజ్యమేలింది 1509 నుంచి 1529 దాకా. పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నది 1510లో. మన వంటిల్లు మారిపోబోయే ముందు గీసి పెట్టిన చిత్రంలా నిలిచింది ఆ పద్యం.

సముద్రాలు దాటిన కారం

మిరపను 6000 ఏళ్ళకు పైబడి సాగుచేస్తున్నది మెక్సికో జనం. 1492లో కొలంబస్ అమెరికా చేరాక, 1498లో వాస్కోడగామా కాలికట్ దారి కనిపెట్టాక, పోర్చుగీసు ఓడల్లో ఆ విత్తనం మన పడమటి తీరానికి వచ్చింది. మిరియాలు కొండల మీద నీడపట్టున పెరిగే తీగకు కాస్తాయి, డబ్బు పెట్టి కొనాలి. మిరప అలాకాదు, ఎండున్న ప్రతి పెరట్లో పండుతుంది. అందుకే అది పేదవాడి కారమై ఊరూరా పాకింది. ఎర్రగా మనం కలిపే ఆవకాయ ఆ తర్వాతిదే. మామిడి, ఆవాలు, నువ్వులనూనె మన పాత సంపదలు. ఆ కారపు రంగు మెక్సికో ఇచ్చింది.

టమాటా అడవి మొక్కగా పెరూ, ఈక్వెడార్ ప్రాంతాల్లో ఉండేది. మెక్సికోలో సాగై, ఐరోపా చుట్టి ఇక్కడికొచ్చింది. మన పప్పులో, చారులో కుదురుకున్నది ఆలస్యంగానే. బిడ్డకు మెత్తగా ఉడికించి పెట్టే తియ్యగుమ్మడి, పండు గుజ్జు తీసి పెట్టే బొప్పాయి, పిల్లలు చెట్టెక్కి కోసే జామ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే.

ఆరో నెల ముద్ద

అన్నప్రాశనకు ఇంటి సంస్కారాలను చెప్పే గృహ్యసూత్రాలు ఆరో నెల చెప్పాయి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, ఆ తర్వాత పాలతో పాటు మెత్తని తిండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుంచి చెబుతోంది. దేవుడి ముందు పరమాన్నం నాకించడంతో పని అయిపోదు. మర్నాటి నుంచి ఏం పెట్టాలన్న ప్రశ్నకు జవాబు పెరట్లోనే ఉంది.

రాగులను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసురుతారు. వేసవి ఎండలో మొలకలు బూజు పట్టకుండా త్వరగా ఎండుతాయి కాబట్టి ఏడాదికి సరిపడా పిండి ఇప్పుడే చేసుకునే ఇళ్ళుండేవి. మొలకెత్తినప్పుడు గింజలోని పిండిపదార్థం కొంత విడిపోయి జావ పలచనవుతుంది. అందువల్ల చిన్న పొట్టలో కూడా ఎక్కువ పిండి ఇముడుతుంది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాని పదో వంతు కూడా ఉండదు.

1918లో కూనూరులో ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. విటమిన్ ఏ లోపంతో చూపు పోగొట్టుకుంటున్న పిల్లల గురించి అక్కడ జరిగిన పరిశోధనల ఆధారంగానే 1970లో దేశమంతటా పిల్లలకు ఆ విటమిన్ చుక్కలు వేసే కార్యక్రమం మొదలైంది. ఆ లోపం రాకుండా కాచే కెరోటిన్ మునగాకులో, తోటకూరలో, బొప్పాయిలో నిండుగా ఉంది. పెరటిగోడ పక్క మునగచెట్టు ఉన్న ఇంట్లో బిడ్డ పప్పులోకి నాలుగు రెబ్బలు దూసి వెయ్యడానికి డబ్బు ఖర్చు లేదు. ఆ సంగతి తల్లికి చెప్పేవాళ్ళుంటే చాలు.

విత్తు దాచిన చేతులు

పాదుకు కాసిన మంచి కాయల్లోంచి పురుగు పట్టనిది, తిన్ననిది ఒకటి ఎంచి, తొడిమకు గుడ్డపీలిక కడతారు. ఇక దాని జోలికి ఎవరూ పోరు. బీరకాయ పందిరి మీదే ముదిరి, ఎండి, ఊపితే గలగలమంటుంది. కొసన మూత ఊడి నల్లని విత్తులు రాలతాయి. మిగిలిన పీచు వీపు రుద్దుకోవడానికి. విత్తులను బూడిద కలిపి కుండలో దాచేవాళ్ళు కొందరు, పేడలో అద్ది గోడకు కొట్టేవాళ్ళు కొందరు. ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకోవడంతోనే ఒక్కో ఊరి వంకాయకు ఒక్కో రుచి నిలిచింది. జహీరాబాదు దగ్గరి పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ పనినే విత్తన బ్యాంకులుగా సాగించి, 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి అందుకున్నాయి.

పల్లెలో పెరడు కుంచించుకుపోయినా పాదు ఆగలేదు. హైదరాబాదు డాబాల మీద మిద్దెతోటై తొట్లలో పాకుతోంది. అమెరికాలోని టెక్సాస్, న్యూజెర్సీలకు కూతురి కాన్పుకని వెళ్ళిన అమ్మమ్మ, తాతయ్య అక్కడి వేసవి పెరట్లో గోంగూర, బీర పెంచుతున్నారు. పొద్దు కుంచించుకుంటేగాని పూయని మొక్క గోంగూర. చలి ముందే వచ్చే అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో విత్తు ముదరక ముందే మంచు దాన్ని చంపేస్తుంది. బయటి దేశం నుంచి విత్తనాలు తేవాలంటే అక్కడి ప్రభుత్వ అనుమతి కావాలి. అందుకే అక్కడి దక్షిణాది రాష్ట్రాల తెలుగు ఇళ్ళలో ముదిరిన విత్తు ఉత్తరాది ఇళ్ళకు పంపకమవుతుంది. ఆఫ్రికాలో పుట్టి, ఆంధ్రలో పేరు తెచ్చుకున్న ఆకు అలా మూడో ఖండంలో మన పిల్లల కంచంలోకి వస్తోంది.

పంట ఎక్కడ పుట్టిందన్నది తెలుసుకోవాల్సిన సంగతే. ఎవరి చేతుల్లో బతుకుతోందన్నది మాత్రం మన బాధ్యత. ఈ వేసవిలో మీ పాదుకు కాసిన కాయల్లో ఒక్కటి కోయకుండా విత్తుకు వదలండి. ఆ విత్తును పెద్దవాళ్ళ చేత పసివాడి చేతిలో పెట్టించి, వచ్చే ఏడు వాడి పేరు మీదే పాదు పెట్టండి.