మాంసాహార వన్యప్రాణుల్లో ప్లేగు గుర్తింపు

యెర్సీనియా పెస్టిస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే ప్లేగు ప్రధానంగా ఎలుక జాతి జంతువుల రోగం. అయితే దాని జాడ ఎలుకల్లో కంటే వాటిని తినే జంతువుల రక్తంలో తేలిగ్గా దొరుకుతుంది. ఎలుకలు చాలావరకు బొరియల్లోనే చచ్చిపోతాయి, ఎవరి కంటా పడవు. కుక్క జాతి జంతువులు మాత్రం రోగం సోకినా చాలావరకు బతికి బయటపడతాయి. రోగాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలు కొన్ని నెలలపాటు వాటి రక్తంలో ఉండిపోతాయి. పిల్లి జాతి జంతువులు ఇంతగా తట్టుకోలేవు, తీవ్రంగా జబ్బుపడతాయి.

1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ ఈ బ్యాక్టీరియాను కనుగొన్నాక చాలాకాలం ఎక్కువగా చచ్చిన జంతువులు దొరికితేనే పరీక్ష సాధ్యమయ్యేది. 1950ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కార్ల్ మేయర్ బృందం చేసిన పని ఈ పరిస్థితిని మార్చింది. బ్యాక్టీరియా పైపొర నుంచి తీసిన ఎఫ్1 ప్రోటీన్‌ను గొర్రె ఎర్రరక్తకణాలకు అంటించి, వాటికి జంతువు సీరం కలిపారు. ప్రతిరక్షకాలు ఉంటే కణాలు గుంపుకడతాయి. 1970ల నుంచి పశ్చిమ అమెరికాలో కుక్క జాతికి చెందిన కయోటీలను ఇలాగే పరీక్షిస్తున్నారు. వడపోత కాగితంపై ఆరబెట్టిన రక్తం కూడా ఈ పరీక్షకు సరిపోతుంది. వందల ఎలుకలను తిన్న ఒక్క కయోటీని పరీక్షిస్తే ఆ వందల ఎలుకల వార్తా తెలుస్తుంది. అయితే అది చాలా దూరం తిరిగే జంతువు కాబట్టి రోగం ఎక్కడ సోకిందో మాత్రం చెప్పలేం.

మన దేశానికొస్తే, 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు బయటపడగానే లక్షల మంది ఊరు విడిచారు. అసలది ప్లేగేనా అన్న వాదం ఏళ్లపాటు సాగింది. 2000లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన ఎస్. శివాజీ బృందం జన్యు పరీక్షలతో ఆ బ్యాక్టీరియా యెర్సీనియా పెస్టిసేనని నిర్ధారించింది.

మాంసాహార జంతువు పాత్ర మన దేశంలో స్పష్టంగా కనిపించింది 2002లో. హిమాచల్‌లోని సిమ్లా జిల్లాలో వేటకు వెళ్లిన ఒక వ్యక్తి జబ్బుపడిన అడవిపిల్లిని చంపి తోలు ఒలిచాడు. అతనితో మొదలైన, ఊపిరితిత్తులకు సోకే న్యుమోనిక్ ప్లేగు 16 మందికి సోకింది, నలుగురు చనిపోయారు. ఆ పిల్లి జబ్బును ముందే పసిగట్టే ఏర్పాటు అక్కడ ఉండి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవేమో.

ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు కలిసే చోట ప్లేగుకు పాత స్థావరం ఉంది. బెంగళూరులోని ప్లేగు నిఘా విభాగం అక్కడి ఎలుకలతోపాటు కుక్కల సీరాన్నీ పరీక్షిస్తూ వచ్చింది. ఊరికుక్క రక్తం ఊరి సంగతే చెబుతుంది. పొలాల అవతల ఎలుకలను తినేవి నక్క, ముంగిస. రోడ్డుమీద వాహనాల కింద పడి చనిపోయిన వాటి రక్తాన్నైనా కాగితంపై సేకరించడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు.