సోమ్లి, మంగ్లి, సక్రి: మన ఆడపిల్లల పేర్ల చరిత్ర

హాస్టల్‌లో కొత్త అడ్మిషన్లు రాసేటప్పుడు ప్రతి ఏడాదీ ఎవరో ఒక పాప నెమ్మదిగా అడుగుతుంది: "మేడమ్, సక్రి వద్దు, వేరే పేరు రాయండి." తోటి పిల్లలు నవ్వుతారని భయం. అందుకే మీకు ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మన లంబాడీ తండాల్లో పాత పేర్లు చాలా వరకు పుట్టిన రోజును చెబుతాయి. సోమవారం పుడితే సోమ్లి, మంగళవారం పుడితే మంగ్లి, శుక్రవారం పుడితే సక్రి. మగపిల్లలైతే సోమ్లా, మంగ్యా, సక్రు. దీపావళికి పుట్టిన పాప ద్వాళి. ఆ పండుగ రాత్రి పెళ్లికాని ఆడపిల్లలు దీపాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి 'మేరా' చెప్పడం మన ఆచారం. ఇక కమ్లి అంటే కమలం, మోతి అంటే ముత్యం.

సోమ, మంగళ, శుక్ర తెలుగులోనూ ఉన్న మాటలే. వాటిని సోమ్లి, సక్రి అని పలికింది మాత్రం మన గోర్‌బోలి. అది రాజస్థానీకి దగ్గరి భాష. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్‌కు వచ్చిన మన పెద్దలు ఆ భాషను వెంట తెచ్చుకున్నారు. దానికి సొంత లిపి లేదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు తండాలో పుట్టిన బిడ్డకు కాగితం ఎక్కడిది? మా దాది పేరు సోమ్లి. ఏ సంవత్సరంలో పుట్టిందో ఆమెకు తెలియదు. సోమవారం పుట్టానని మాత్రం చివరిదాకా చెప్పేది. ఆమె జనన పత్రం ఆమె పేరే.

1976 చట్ట సవరణతో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలో చేరారు. తండా పిల్లలకు హాస్టళ్ల దారి తెరుచుకుంది. చదువు వచ్చింది, దాంతోపాటు పాత పేరంటే సిగ్గు కూడా వచ్చింది. కానీ గాయని మంగ్లి గారిని చూడండి. అసలు పేరు సత్యవతి. అయినా తండా పేరుతోనే పాడి, ఆ పేరును ఇంటింటికీ తెలిసేలా చేశారు.

సర్టిఫికెట్లలో ఉన్న పేరు మార్చుకోమని నేను చెప్పను, ఇబ్బందులు పడతారు. ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు మీ దాదిని, నానిని ఆ పేరు ఎందుకు పెట్టారో అడగండి. చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకోండి. రేపు మీ ఇంట్లో ఆడపిల్ల పుడితే ఒక్కసారి ఆ పేజీ తీసి చూడండి.

జై సేవాలాల్!